గేటు పరీక్షయు తెలుగు పిల్లవాడును

గేటు పరీక్ష 1984వ సంవత్సరమున పైచదువుల ప్రవేశమునకై యేర్పడినది. నేడది ఎన్.టి.పి.సి., పవర్‌గ్రిడ్ వంటి ప్రభుత్వసంస్థల యుద్యోగములకును ద్వారమైనది. సంస్థకొక పరీక్షకై ఊరూర తిరుగు వ్యయము పేదపిల్లవానికి తప్పినది. సిఫారసులకు చోటు తగ్గినది. ఇందులకు మేమును సంతసించితిమి.

కాని యొక సంగతి మాకు మింగుడుపడకున్నది. 2021 నుండి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను తెలుగునను వ్రాయవచ్చును. ఆ యేడే తెలుగున ఇంజనీరింగు బోధించుటకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి యనుమతించినది. ఆ మాట నమ్మి నాలుగేండ్లు తెలుగున చదివినవాడు గేటు గదిలో కూర్చుండునప్పటికి ప్రశ్నలన్నియు ఇంగ్లీషుననే! చెట్టెక్కించి నిచ్చెన లాగిన చందమిది. అంతటితో పోలేదు. నూటికి 15 మార్కుల సామాన్యవిభాగమున ఇంగ్లీషు భాషాజ్ఞానమును గూడ శోధింతురు. యంత్రశాస్త్ర మెరిగియు వాక్యము బోధపడక తప్పు గుర్తించెనా, ఆ ప్రశ్న మార్కులలో మూడవవంతు కోత!

సాంకేతికపదములకు తెలుగు లేదందురు. పదము లట్లే యుండనిండు. వాక్యమును తెలుగున వ్రాయుడు. అడ్వాన్స్‌డ్ పరీక్షను హిందీలో నడుపుచున్న ఐ.ఐ.టి.లకు ఈ పని యేల యసాధ్యము? రామగుండమున విద్యుత్కేంద్రమునకు భూమి నిచ్చినవారు తెలుగు రైతులే. వారి బిడ్డల కీపాటి సౌకర్యమును రాబోవు పరీక్షాప్రకటనలోనే చేర్పుడని విద్యాశాఖవారిని అడుగుచున్నాము.