అద్దాలిచ్చిండ్రు సరే, కండ్ల డాక్టరేడి?

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌ల కంటి వెలుగు మొదలైంది. 2023 జనవరి 18న ఖమ్మంల రెండో విడత షురూ అయింది. ఊరూరికి టీములొచ్చినయ్. మొదటి విడతలనే కోటిన్నర మందికి పైగా కండ్లు సూశిండ్రు. మంచి పనే, నేను కాదనను. కానీ క్యాంపంటే జాతర లెక్క. జాతరైనంక డేరా లేశిపోతది. కండ్ల రోగం క్యాంపు తారీఖు సూసుకొని వస్తదా?

అద్దాలతోని మసక పోతది, రోగం పోదు. మోతిబిందు చుక్కల మందుతోని కరగదు, దానికి ఆపరేషనే దారి. "ఇంకా ముదరాలె" అని ఏండ్లకేండ్లు ఆగుడు పాత ముచ్చట. నీటికాసులు ఇంకా మోసకారి. చానా మందికి నొప్పి ఉండదు, పక్కల సూపు మెల్లమెల్లగ పోతది. పోయిన సూపు మళ్ల రాదు, మిగిలింది కాపాడుకునుడే. ఇంట్ల అమ్మకో నాయినకో అది ఉన్నదంటే మీరు గూడ సూపిచ్చుకోవాలె. షుగరున్నోళ్లు సూపు మంచిగున్నా సరే, యాడాదికోసారి కంట్ల మందేసి లోపలి పొర పరీక్ష చేయించుకోవాలె.

ఇగ మన పొలం ముచ్చట. వరి కోతలప్పుడు ఆకు కోసుకపోతది, తూర్పార పట్టేటప్పుడు పొట్టు కంట్ల పడతది. నల్లగుడ్డు మీద గీత పడి, బూజు పట్టి పుండైతది. మనమేం చేస్తం? మెడికల్ షాపుకు పోయి "అన్నా, కన్ను ఎర్రగైంది, ఏదన్న చుక్కల మందియ్యి" అంటం. ఆ సీసల స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే కనవడతది, లోపల పుండు ముదురుతది. అదే మందు నెలలకొద్ది ఏస్తే నీటికాసులు, మోతిబిందు గూడ రావొచ్చు.

అద్దాల షాపాయన నంబరు సూస్తడు. రోగం పట్టి మందు రాసేది, ఆపరేషన్ చేసేది కండ్ల డాక్టర్. ఆ డాక్టర్ మండలంల ఏడున్నడు? హైదరాబాద్‌ల సరోజినీ దేవి దవాఖాన ఉన్నది, పేరున్న ప్రైవేటు దవాఖానలున్నయ్. కానీ పోవాలంటే మొగోళ్లకు బస్సు కిరాయి, ఒక దినం కూలి, తోడు పోయేటోళ్ల కూలి. ముసలవ్వకు వైద్యం ఉచితమే గని, తోడు పోయేటోళ్ల కూలి ఎవలియ్యరు. అందుకే ఇంట్లనే కూసుంటది.

దారి లేదా అంటే ఉన్నది. ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఊర్లల్ల విజన్ సెంటర్లు పెట్టి, ఆడ శిక్షణైనోళ్లు సూసి, అవసరమున్నోళ్లను పెద్ద దవాఖానకు పంపే పద్ధతి ఏండ్ల సంది నడుపుతున్నది. ఒక సంస్థ చేసింది సర్కారు ఎందుకు చెయ్యదు? ప్రతి పీహెచ్‌సీల కండ్లు పరీక్ష చేసే మనిషి రోజూ ఉండాలె. వారానికో దినం కండ్ల డాక్టర్ రావాలె. ఆపరేషన్ రాసిచ్చినోళ్లను పేరు పేరున తోల్కపోవాలె.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ చేతిల ఫోనున్నది, సమాచార హక్కు చట్టమున్నది. ఒక్క దరఖాస్తు పెట్టుండ్రి: కంటి వెలుగుల మన మండలంల ఎంతమందికి ఆపరేషన్ రాసిండ్రు, ఎంతమందికి అయింది? 30 దినాలల్ల జవాబియ్యాలె. ఆ రెండు లెక్కల నడుమ ఎంత తేడా ఉంటే, అంతమంది మన ఊర్లల్ల గోడ పట్టుకొని నడుస్తున్నట్టు.