లారీలు పోయినా రద్దీ పోలేదు

నాగ్‌పూర్ నుంచి బెంగళూరు వెళ్లే లారీ ఒకప్పుడు మేడ్చల్ దాటి కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా హైదరాబాద్ నగరంలోకి దిగేది. ఊరంతా ఈదుకుంటూ ఆరాంఘర్ వైపు బయటపడేది. వారణాసి–కన్యాకుమారి 7వ నంబరు జాతీయ రహదారి అదే. 2010లో నంబర్లు మార్చినప్పుడు మన భాగం 44లో కలిసింది.

నంబరు కంటే పెద్ద మార్పు తెచ్చింది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. కండ్లకోయ దగ్గర మిగిలిన ముక్క 2018లో తెరుచుకోవడంతో వలయం పూర్తయింది. ఇప్పుడు అదే లారీ మేడ్చల్ దాటాక ఔటర్ ఎక్కి శంషాబాద్‌లో దిగుతోంది. రాజీవ్ రహదారి మీద వచ్చే కరీంనగర్ బండికి శామీర్‌పేట దగ్గర అదే వసతి.

దూరపు బండ్లు తప్పుకుంటే పాత దారి వెలవెలబోవాలి. ఇక్కడ అలా కాలేదు. కొంపల్లి చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. శామీర్‌పేట వైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బయోటెక్ సంస్థల జీనోమ్ వ్యాలీ వచ్చాయి. లారీల చోటును కార్లు, స్కూలు బస్సులు, ఆటోలు ఆక్రమించాయి. హైవే ఊరి వీధి అయింది గానీ, నడిచేవాళ్లకు, రోడ్డు దాటేవాళ్లకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

అందుకే ఈ సంచికను పాత దారులకు కేటాయించాం. కొత్త రోడ్డుకు గీత గీసేటప్పుడే పాతదాని పక్కన బతికేవాళ్ల లెక్కా వేయాలన్నది మా మాట. మీ ఊరి దారి సంగతులు రాసి పంపండి.

— సంపాదకుడు