ఎఱ్ఱసిరా చెప్పని సంగతి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో పాఠశాలలలో 1 నుండి 6వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమమును నిర్బంధము చేయుచు ఉత్తరువులు వెలువరించినది. అమరావతిలోని హైకోర్టు 2020 ఏప్రిల్ 15న వానిని కొట్టివేసినది. మాధ్యమమును గూర్చిన వాదములు చాల జరిగినవి. కాని బాలుడు వ్రాసిన ఒక్క ఆంగ్ల వాక్యమును ఎట్లు దిద్దవలెనను ప్రశ్న, మాధ్యమమేదైనను, ఉపాధ్యాయుని బల్లమీదనే మిగిలియున్నది.

గుంటూరు సీమ బాలుడొకడు 'మై ఫాదర్ టోల్డ్ దట్ హి విల్ సెల్ ద కాటన్' అని వ్రాసినాడనుకొందము. 'టోల్డ్', 'విల్' అను రెండింటిని ఎఱ్ఱసిరాతో కొట్టి, పైన 'సెడ్', 'వుడ్' అని వ్రాసినచో పని తీరినదందురు. ఆ తప్పులు వచ్చిన త్రోవ మాత్రము బాలునికి తెలియదు. 'మా నాన్న పత్తి అమ్ముతానని చెప్పినాడు' అన్నప్పుడు 'అని' అను చిన్నమాట తండ్రి పలుకును ఉన్నదున్నట్లు నిలుపును. కాలమును మార్చదు, ఉత్తమపురుషను సైతము మార్చదు. ఎవరితో చెప్పినాడో తెలుపకున్నను తెలుగు వాక్యమునకు లోటు లేదు. ఆంగ్లములో 'టోల్డ్' ఆ వ్యక్తిని కోరును, 'సెడ్' కోరదు. అయినను బాలుడు 'ఐ'ని 'హి'గా అప్పుడే మార్చినాడు. సగము దారి తానే నడచినాడు. దానిని గమనించి మెచ్చుకొనువా రెందరు?

మరియొక మాట. ఆ పత్తి ఇంకను అమ్ముడుపోక ఇంటిలోనే ఉన్నచో 'విల్' అనుటయు తప్పు కాదు. నేటి కంప్యూటరు దిద్దుబాటుకు ఆ ఇంటి సంగతి తెలియదు. ఉపాధ్యాయుడు మాత్రము, "మీ పత్తి అమ్మినారా, అబ్బాయీ?" అని తెలుగులోనే అడిగి, అటుపై కలము దింపవచ్చును.