హాలుకు డిజిటల్ మిక్సర్: ఛానెళ్ల సంఖ్య కన్నా ముందు చూడవలసినవి

బడి వార్షికోత్సవం మొదలై పావుగంట కాకముందే మైకు కీచుమంటుంది. వేదిక మీద ఎనిమిది మైకులు ఆన్‌లో ఉంటాయి, మాట్లాడేది మాత్రం ఒక్కరే. మర్నాడు కమిటీ కూర్చుని, ఎక్కువ ఛానెళ్లున్న డిజిటల్ మిక్సర్ కొనాలని తీర్మానిస్తుంది. డిజిటల్ కావాలనుకోవడం మంచిదే. ఎక్కువ ఛానెళ్లతో కీచు ఆగుతుందనుకోవడమే పొరపాటు.

స్పీకర్ నుంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడి, ఇంకా పెద్దదై స్పీకర్‌కే చేరితే కీచు పుడుతుంది. ఆన్‌లో ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కీచుమనకుండా పెంచగల ధ్వని సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి మూడు రెట్టింపులు. అంటే 9 డెసిబెల్స్ నష్టం; శక్తి లెక్కలో చూస్తే మిగిలేది ఎనిమిదో వంతే. 32 ఛానెళ్లు వచ్చాయి కదా అని ఇంకో నాలుగు మైకులు కలిపితే పరిస్థితి మరింత దిగజారుతుంది.

దీనికి మందు ఆటోమిక్సర్. అమెరికా సౌండ్ ఇంజినీర్ డాన్ డూగన్ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. మాట వినిపిస్తున్న మైకుకు ఎక్కువ వాటా ఇచ్చి మిగతావాటిని తగ్గిస్తుంది. ఎన్ని మైకులున్నా మొత్తం గెయిన్ ఒక్క మైకుకు సమానంగానే ఉంటుంది. ఒకప్పుడు దీనికి వేరే పెట్టె కొనాల్సి వచ్చేది. ఇప్పుడు బెరింగర్ ఎక్స్‌ఆర్18 లాంటి చిన్న మిక్సర్లలోనూ ఈ తరహా ఏర్పాటు ఉంది. సభలు, చర్చలు ఎక్కువగా జరిగే హాలుకు మొదటి షరతు ఇదే కావాలి. సంగీత కచేరీకి మాత్రం దీన్ని ఆపేయాలి. గాత్రం, వయోలిన్, మృదంగం కలిసి పలికే చోట వాటాలు పంచబోతే కళాకారులు కుదుర్చుకున్న తూకం చెడిపోతుంది. అందుకే 'సభ', 'కచేరీ' అని రెండు అమరికలు ముందే దాచిపెట్టి, ఒక్క మీటతో మార్చుకునే వీలుండాలి. డిజిటల్ మిక్సర్‌కు పెట్టే డబ్బుకు అసలు ప్రతిఫలం అక్కడే.

బ్రోషర్లు మాత్రం వేరే అంకెలు చూపిస్తాయి. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటి వినిపించదు. సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటే 24,000 హెర్ట్జ్ వరకు పట్టవచ్చు. కాబట్టి బడి హాలుకు 96,000 కోసం అదనంగా చెల్లించనక్కర్లేదు. ఆలస్యం గురించీ భయపెడతారు. 2 మిల్లీసెకన్లలో ధ్వని గాలిలో 70 సెంటీమీటర్లు కూడా వెళ్లదు. ప్రేక్షకులు ఆ తేడాను గుర్తించనే లేరు.

ఏ మిక్సరూ చేయలేని పని ఒకటుంది. 1895లో హార్వర్డ్‌లోని ఒక ఉపన్యాస మందిరంలో ఒక్క మాట పలికితే దాని ధ్వని ఐదు సెకన్లకు పైగా నిలిచేది. ఆ చిక్కును వాలెస్ సబీన్‌కు అప్పగించారు. ఆయన దగ్గర్లోని థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, ఎన్ని పరిస్తే ధ్వని ఎంత త్వరగా అణుగుతుందో కొలిచాడు. మన కల్యాణ మండపాల్లో గ్రానైట్ నేల, నున్నటి గోడలు. ఈక్వలైజర్ స్పీకర్‌కు వెళ్లే ధ్వనిని మారుస్తుందే తప్ప, గోడల మధ్య తిరిగే ధ్వనిని పీల్చుకోదు. మిక్సర్‌కు కేటాయించిన డబ్బులో కొంత మందపాటి తెరలకు మళ్లిస్తే మాట స్పష్టత ఎక్కువగా పెరుగుతుంది. తెరలకు ప్రారంభోత్సవం చేయరు కాబట్టి కమిటీలకు ఈ మాట రుచించదు.

ఇక మిగిలింది దాన్ని వాడే మనిషి. అద్దెకు తిరిగే సౌండ్ ఇంజినీర్‌కు ట్యాబ్లెట్‌తో నడిచే మిక్సర్ వరం. హాలంతా తిరుగుతూ విని సరిచేయగలడు. స్థిరంగా బిగించిన హాలులో దాన్ని ముట్టుకునేది డ్రిల్లు మాస్టారో, అటెండరో. వందల ఫోన్ల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తెగిపోతే ఆయన చేతిలో ఏమీ ఉండదు. కేబుల్‌తో కలిపే దారి, కనీసం కొన్ని ఫేడర్లు, మిగతా అమరికలకు తాళం ఉన్న మిక్సర్ ఆయనకు నయం. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే పాత అనలాగ్ మిక్సర్ అయితే వెంటనే పలుకుతుంది. డిజిటల్‌ది కంప్యూటర్‌లా మళ్లీ లేవాలి. చిన్న యూపీఎస్ తప్పదు.

డబ్బు కట్టేముందు దుకాణదారును హాలుకే రప్పించి, ఎనిమిది మైకులు ఆన్ చేయించి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టమనాలి. ఆ తర్వాత మిక్సర్‌ను అటెండర్‌కు అప్పగించి, దుకాణదారును కాసేపు బయట నిలబడమనాలి.