ఖాతా ఆమెది, పెత్తనం అతనిది

"మా ఆయనే ఫోన్ కొని, అన్నీ పెట్టిచ్చారు." శిక్షణా తరగతుల్లో నేను తరచుగా వినే మాట ఇది. ఆ 'అన్నీ'లో ఏముందో మనం అడగం. అది టెక్నాలజీ విషయమనీ, స్త్రీల సమస్య కాదనీ అనుకుంటాం.

ఆ 'అన్నీ'లో ఒక గూగుల్ ఖాతా ఉంటుంది. ఆమె పేరున తెరిచిందే, కానీ పాస్‌వర్డ్ అతని దగ్గరుంటుంది. సింక్ అంటే ఆమె ఫోన్‌లో చేరిన నంబర్లు, క్యాలెండర్, బ్యాకప్ పెట్టి ఉంటే ఫొటోలు కూడా కంపెనీ సర్వర్‌కు చేరి, అదే ఖాతా తెరిచిన మరో ఫోన్‌లోనూ కనిపించడం. ఆమె లాయరు నంబరు దాచుకుంటే ఆ పేరు అతని చేతిలో ప్రత్యక్షమవుతుంది. ఆమె ఫోన్ ఎక్కడుందో కూడా అతను వెతకొచ్చు. దీనికి గూఢచారులు అక్కర్లేదు. యంత్రం తన పని తాను సక్రమంగా చేస్తే చాలు.

"ఆలుమగల మధ్య రహస్యాలేమిటి?" అంటారు. మరి అతని పాస్‌వర్డ్ ఆమెకు తెలుసా? ఒకవైపు నుంచే కనిపించేదాన్ని నమ్మకం అనరు, నిఘా అంటారు.

చట్టం ఏం చేస్తోంది? 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి రప్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను ఆమె గోప్యతకు భంగకరమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని అదే కోర్టు తేల్చింది. అయినా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత, గృహ అవసరాలకు వాడే సమాచారాన్ని తన పరిధిలోంచే తప్పించింది. కంపెనీని ప్రశ్నించే చట్టం భర్త గడప దగ్గర ఆగిపోయింది.

"పాస్‌వర్డ్ మార్చుకో అమ్మా" అనే సలహాతో మన బాధ్యత తీరదు. ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన నంబరు అతనిదైతే, మార్చిన పాస్‌వర్డ్‌ను అతను మళ్ళీ మార్చగలడు. అతని ఫోన్‌ను ఖాతా నుంచి హఠాత్తుగా తొలగిస్తే, ఆ సంగతి మొదట తెలిసేది అతనికే. ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. కాబట్టి ముందు ఆమె భద్రత, తర్వాతే ఫోన్.

మన కౌన్సెలింగ్ కేంద్రాలు దెబ్బల గురించి అడిగినట్టే, ఖాతా ఎవరు తెరిచారు, ఏయే ఫోన్లలో తెరిచి ఉంది, ఆ నంబరు ఎవరిది అని అడగాలి. 2005 గృహహింస చట్టం మానసిక హింసను గుర్తించింది. ఈ నిఘాను ఆ చట్టం కిందే నమోదు చేయించాలి. జాగ్రత్త పడాల్సింది స్త్రీలేనన్న పాత పాఠాన్ని కొత్త యంత్రం పేరుతో మనమే వల్లించడం మానాలి.