దయ్యం అని పేరు పెట్టకముందు



కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల నుంచి మా దగ్గరికి ప్రార్థనకు వచ్చేవారిలో ఎక్కువమంది అప్పుల గురించి, జబ్బుల గురించి, తాగుడు గురించి, ఎండిన పంట గురించి వస్తారు. ఏడాదికి ఒకటి రెండు కుటుంబాలు మాత్రం చీకటి పడ్డాక వస్తాయి. తల్లి లోపలికి వస్తుంది, తండ్రి బయట బండి దగ్గరే నిలబడతాడు. "అయ్యగారూ, మా పిల్లోనికి ఏదో పట్టింది, ఆడపిల్ల మాదిరి ఉంటాడు" అంటారు కొందరు. "సంబంధం తెస్తే వద్దంటాడు, ఆడవాళ్ళ మీద మనసు పోదంటాడు" అంటారు ఇంకొందరు. అప్పటికే ఎక్కడో నూనె రాయించి, మూడు దినాలు ఉపవాసం ఉంచి, కొన్నిచోట్ల బెత్తంతో కొట్టించి కూడా ఉంటారు. ఇంకొక్కసారి గట్టిగా ప్రార్థించి ఆ దయ్యాన్ని వెళ్ళగొట్టమని అడుగుతారు.

మేము ఆ పిల్లవాని కోసం ప్రార్థన చేస్తాం. దయ్యాన్ని మాత్రం వెళ్ళగొట్టం. అక్కడ దయ్యం లేదు గనుక. దీని గురించి కొందరు విశ్వాసులు మమ్మల్ని అడిగారు, కొందరు మా వెనుక మాట్లాడారు. అందుకే మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం.

మొదట, వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టకూడదు. మగపిల్లవాడు మెత్తగా మాట్లాడతాడు, ముగ్గు వేస్తాడు, అమ్మ పక్కన కూర్చుని వంట నేర్చుకుంటాడు. అది స్వభావం, అంతే. అలాంటివారిలో చాలామంది పెళ్ళిచేసుకుని చక్కగా సంసారం చేస్తున్నారు. మగవానికి మగవాని మీదే, ఆడపిల్లకు ఆడపిల్ల మీదే మనసు పోవడం వేరే సంగతి. మగ శరీరంతో పుట్టి, చిన్నప్పటి నుంచి తాను ఆడపిల్లనే అని లోపల ఎరిగి ఉండడం మరొకటి. ఈ మూడింటికీ మన ఊళ్ళో ఒకటే బూతుమాట ఉంది. బడిలో ఆ మాటతో పిలిపించుకున్న పిల్లవాడు ఇంట్లో కూడా అదే మాట వింటే ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కి వెళ్ళిపోతాడు. బెంగళూరు పోయే రైల్లో చప్పట్లు కొడుతూ మన ముందు చెయ్యి చాపేవారిలో చాలామంది ఒకప్పుడు ఏదో ఒక ఇంట్లో అలా మాట పడి వచ్చినవారే.

ఇది రోగమా అని వైద్యులు చాలాకాలం క్రితమే పరీక్షించి చూశారు. 1957లో ఎవెలిన్ హూకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మగవారి మీద మనసు పోయే 30 మంది మగవారికీ, అలా లేని 30 మందికీ ఒకే మానసిక పరీక్షలు పెట్టారు. ఎవరు ఎవరో చెప్పకుండా ఆ జవాబుల్ని అనుభవమున్న నిపుణులకు ఇస్తే వారు వేరుచేయలేకపోయారు. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని రోగాల పట్టిక నుంచి తీసేసింది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తీసేసింది. శరీరం ఒకటి, లోపల ఎరిగిన లింగం ఇంకొకటిగా ఉండేవారిని కూడా 2019లో ఆమోదించిన కొత్త పట్టికలో మానసిక రోగుల కింద లెక్కించలేదు.

"అమెరికావాళ్ళ మాట మనకెందుకు?" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన వేసుకునే షుగర్ మాత్రను ఎక్కడ పరీక్షించారో ఆయన ఎన్నడూ అడగలేదు. సరే, మన దేశం సంగతే చూద్దాం. భారతీయ మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది రోగం కాదని చెప్పింది. మదురై నుంచి చెన్నైకి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు రక్షణ కోరిన కేసులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ గారు, ఈ విషయం తనకు సరిగా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్న తర్వాతే 2021 జూన్ 7న ఉత్తర్వు ఇచ్చారు. ఇలాంటివారిని వైద్యంతో మారుస్తామనడాన్ని నిషేధించాలన్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్, అలా చేసే డాక్టరు వృత్తి తప్పు చేసినట్టే అని చెప్పింది. డాక్టరుకు తప్పైనది కాపరికి ఒప్పు ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

ఇక విశ్వాసులు అడిగే అసలు ప్రశ్న: "దేవునికి అసాధ్యమైనది ఉందా?" లేదు. కానీ ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ సంగతి తెలుసుకోండి. 1976లో మొదలైంది. ప్రార్థన, వాక్యం, కౌన్సెలింగ్‌తో ఇలాంటివారిని మారుస్తామని 37 ఏళ్ళు పనిచేసింది. వారికి విశ్వాసం తక్కువని ఎవరూ అనలేరు. దాని అధ్యక్షుడు ఆలన్ చేంబర్స్, తాను చూసినవారిలో దాదాపు ఎవరి మనసూ మారలేదని 2012లో చెప్పి, మరుసటి ఏడాది క్షమాపణ అడిగి సంస్థను మూసేశారు. మారవచ్చని 2003లో పరిశోధన ప్రచురించిన డాక్టర్ రాబర్ట్ స్పిట్జర్ కథ కూడా అంతే. 200 మందితో ఫోన్లో మాట్లాడి, వారు చెప్పినదే నమ్మి రాశారు. అది సరైన రుజువు కాదని 2012లో తానే ఒప్పుకుని క్షమాపణ అడిగారు.

వివాహం గురించి వాక్యం బోధించేదాన్ని మేము మార్చడం లేదు. మా బోధ మీకు తెలుసు. కానీ తల్లి గర్భం నుంచే వేరుగా పుట్టినవారున్నారని మత్తయి 19లో ప్రభువే చెప్పారు, వారిని దయ్యం పట్టినవారి వరుసలో నిలబెట్టలేదు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుని రథం ఎక్కిన ఫిలిప్పు, ముందు నువ్వు మారు అనలేదు. వాక్యం విప్పి చెప్పాడు, నీళ్ళు కనబడగానే బాప్తిస్మం ఇచ్చాడు.

మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇంకొక మందు. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అనే మందు. ఆ మందు మింగేది ఎవరు? కదిరి వైపు నుంచో మడకశిర వైపు నుంచో తండ్రి అప్పు చేసి పంపిన పిల్ల. భర్త దగ్గరికి రాకపోతే తన రంగులో, తన రూపంలో లోపముందని ఏడుస్తుంది. రెండేళ్ళు తిరిగేసరికి అత్త గొడ్రాలంటుంది. వాడు కూడా మంచివాడే కావచ్చు, భయపడి తాళి కట్టి ఉండవచ్చు, తర్వాత సీసా పట్టి ఉండవచ్చు. ఇద్దరూ మన బిడ్డలే. గనుక స్పష్టంగా చెప్తున్నాం: పిల్లవాని మనసు ఇలా ఉందని మాకు తెలిసిన తర్వాత, ఆ పిల్లకు చెప్పకుండా కుదిర్చిన పెళ్ళికి మేము సంఘంలో ప్రకటన చదవం, పెళ్ళి జరిపించం. "మీరు కాకపోతే ఇంకో అయ్యగారు చేస్తారు" అన్నారు ఒకరు. చేయవచ్చు. ఆ పిల్ల తండ్రికి జవాబు కూడా ఆయనే చెప్పాలి.

ఇలాంటివారిలో దిగులు, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. దానికి కారణం వారి పుట్టుక కాదు, దాచుకుని బతకడం, ఎగతాళి, ఇంట్లోవారు వెళ్ళగొడతారన్న భయం అని 2003లో ఇలన్ మేయర్ అనే పరిశోధకుడు వివరంగా చూపించారు. 2009లో కేట్లిన్ రయన్, ఆమె తోటివారు 224 మంది యువతీయువకులను అడిగి తెలుసుకున్న సంగతి తల్లిదండ్రులు రెండుసార్లు చదవాలి. ఇంట్లో బాగా తిరస్కారం పొందినవారు, అలాంటిది అంతగా ఎరగనివారికంటే 8.4 రెట్లు ఎక్కువగా ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పారు. మీరు ఒప్పుకోలేకపోవచ్చు, అర్థం కాకపోవచ్చు. కంచంలో అన్నం పెట్టడానికి, పేరు పెట్టి పిలవడానికి, పండుగకు బట్టలు తీయడానికి అర్థం కావలసిన పని లేదు.

బిడ్డ తిండి మానేసినా, నిద్రపోకపోయినా, చచ్చిపోతానన్నా రాత్రి ఎంత పొద్దుపోయినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులో మాట్లాడతారు. అనంతపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. ఎవరైనా "మారుస్తాం" అంటే మాత్రం డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి. ఒంటరిగా పోవడానికి భయమైతే మేము గాని, మా ఇంటివారు గాని తోడు వస్తాం. శుక్రవారం ఉపవాస కూడిక ఉంటుంది గనుక ఆ రోజు తప్ప ఏ రోజైనా సరే, ఉదయం అనంతపురం బస్సుకు ముందు చెబితే చాలు.