ఏ ఇంజన్ చెడిందో తేలకుండా ఏదీ ఆపకండి

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. విమానంలోని 241 మంది, కింద ఉన్న 19 మంది మరణించారు. ఆ రోజుల్లో మా సామర్లకోట జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్నవాళ్ల నోట కూడా ఒకటే మాట: 'రెండు ఇంజన్లున్నాయి కదా, ఒకటి పోతే రెండోది లేదా?' ఆ విమానంలో రెండు ఇంజన్లకూ ఇంధనం ఆగిపోయిందని జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక తెలిపింది. అది వేరే సంగతి. అసలు రెండోది ఉంటే చాలు, గట్టెక్కుతామన్న ధీమా ఎంతవరకు నిజం?

జోడెద్దుల బండిలో ఒక ఎద్దు కూలబడితే బండి సగం వేగంతో తిన్నగా పోదు, ఆ ఎద్దు వైపే తిరిగిపోతుంది. రెక్కకో ఇంజన్ ఉండే చిన్న విమానం పరిస్థితీ అంతే. ఒక ఇంజన్ ఆగితే శక్తి సగమే తగ్గుతుంది కానీ పైకెక్కే సామర్థ్యం దాదాపు 80 శాతం, ఒక్కోసారి అంతకుమించి పోతుంది. మన మే నెల ఎండలాంటి వేడిలో గాలి పలచబడితే, నిండు బరువుతో ఉన్న విమానం అసలు పైకెక్కలేకపోవచ్చు.

అందుకే పైలట్‌కు నేర్పే మొదటి పాఠం విమానాన్ని అదుపులో ఉంచుకోవడం. వేగం చూపే మీటరు మీద ఒక ఎర్రగీత, ఒక నీలిగీత ఉంటాయి. ఒక్క ఇంజన్‌తో బాగా పైకెక్కగల వేగం నీలిగీత. వేగం ఎర్రగీత కంటే పడిపోతే, పనిచేస్తున్న ఇంజన్ బలమే విమానాన్ని తిరగేస్తుంది. అప్పుడు ముక్కు కిందికి దించి, ఆ మంచి ఇంజన్ శక్తిని కూడా తగ్గించాలి.

రెండో పాఠం, చెడింది ఏదో రూఢి చేసుకోవడం. విమానం పక్కకు తిరగకుండా పైలట్ ఒక పెడల్‌ను గట్టిగా తొక్కి పడతాడు. పని లేకుండా ఉన్న కాలి వైపు ఇంజనే ఆగిపోయిందని గుర్తు. అంతటితో నమ్మేయకూడదు. ఆ ఇంజన్ థ్రాటిల్‌ను మెల్లగా వెనక్కి లాగి చూడాలి. ఏ మార్పూ లేకపోతేనే దాన్ని పూర్తిగా ఆపాలి.

పెద్ద విమానాల్లో సైతం ఈ పాఠం మరిచినందుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1989 జనవరి 8న ఇంగ్లండులోని కెగ్‌వర్త్ దగ్గర ఎడమ ఇంజన్ చెడితే పైలట్లు కుడి ఇంజన్ ఆపారు. 47 మంది చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలోనూ బాగున్న ఇంజన్‌నే ఆపేశారు. 43 మంది చనిపోయారు.

మన రాష్ట్రం మరిచిపోలేని రోజు 2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న రెండు ఇంజన్ల బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురు మరణించారు. అక్కడ ఇంజన్ ఆగలేదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో లోపం కనబడితే, దాని పరిష్కారం వెదకడంలో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారని, ముంచుకొస్తున్న వాతావరణం మీద నుంచి వారి దృష్టి మళ్లిందని విచారణ కమిటీ తేల్చింది.

ఆ తర్వాత మనమేం చేశాం? 2010 జనవరిలో టీవీలో కుట్ర కథనం ఒకటి వచ్చిన రాత్రే ఒక సంస్థ దుకాణాలపై దాడులకు దిగాం. అహ్మదాబాద్ విషయంలోనూ, ఇంధనం మీటలు ఎందుకు కదిలాయో ప్రాథమిక నివేదిక చెప్పకముందే, చెప్పకపోయినా, చనిపోయిన పైలట్ల మీద తీర్పులు రాసేశాం.

ఇళ్లలో జరుగుతున్నదీ ఇదే కాదా? వ్యాపారం దెబ్బతింటే కొత్త కోడలి కాలు మంచిది కాదంటాం. సంఘంలో లెక్కలు తేడా వస్తే, నోరులేని ఏ యువకుణ్ణో దూరం పెడతాం. చెడిన ఇంజన్ అలాగే ఉంటుంది. ఇంటిని, సంఘాన్ని మోస్తున్న ఇంజన్‌ను మన చేతులతోనే ఆపేస్తాం.

అపొస్తలుల కార్యముల గ్రంథం 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ సంగతి మనకు తెలుసు. పద్నాలుగో రాత్రి చీకట్లో నావికులు ముందు లోతు కొలిచారు, నాలుగు లంగరులు వేశారు, తెల్లవారే దాకా ఆగారు. ప్రాణభయంతో పడవలో జారుకోబోయిన నావికులను పోనివ్వకూడదని పౌలు హెచ్చరించాడు. ఓడ బద్దలైంది కానీ 276 మందీ ఒడ్డు చేరారు.

కష్టం వచ్చిన గడియలో ముందు ఇంటిని అదుపులో ఉంచుకుందాం. లోతు కొలుద్దాం. ఎవరి మీదనైనా చెయ్యి ఎత్తే ముందు, మాట విసిరే ముందు, చెడింది అదేనా అని మరొక్కసారి చూసుకుందాం.